ఒకే మనిషి, మూడు పేర్లు: వీసా కౌంటర్ దాకా చేరని మన టీచర్లు

ఆదివారం సాయంత్రం సూరత్‌లోని డుమస్ బీచ్‌కు వెళ్తే, నల్ల ఇసుక మీద టమాటా భజియాలు తింటున్న జనంలో తెలుగు మాట వినిపిస్తూనే ఉంటుంది. లింబాయత్, ఉధనా వైపు పవర్‌లూమ్‌లలో పనిచేసే తెలంగాణ కుటుంబాలవి. బీచ్‌కు వెళ్లే దారిలోనే విమానాశ్రయం ఉంది. అక్కడి నుంచి షార్జాకు 2019 ఫిబ్రవరిలో విమానాలు మొదలయ్యాయి. పోయిన నెల ఆ ఇసుక మీదే మా పిన్ని కూతురు ఒక ప్లాస్టిక్ ఫోల్డర్ నా ముందు పెట్టింది. ఎమిరేట్స్‌లో ఒక బడి ఆమెను సైన్స్ టీచర్‌గా తీసుకుంది. చేరాల్సిన తేదీ దాటిపోయింది. ‘అన్నా, నేను నేనే అని ఇంకెవరికి చెప్పాలె?’ అని అడిగింది.

ఫోల్డర్‌లో ఆమె పేరు మూడు రకాలుగా ఉంది. గుజరాత్ బడి రికార్డుల్లో ముందు ఇంటిపేరు, తర్వాత సొంత పేరు, చివర తండ్రి పేరు రాస్తారు. అక్కడి టెన్త్, డిగ్రీ సర్టిఫికెట్లు అలాగే వచ్చాయి. తెలంగాణలో చేసిన బీఈడీ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా మారింది, తండ్రి పేరు వేరే గడిలోకి పోయింది. పెళ్లయ్యాక సూరత్‌లో తీసుకున్న కార్డులో తండ్రి పేరు తీసేసి భర్త పేరు పెట్టారు. ఇక తండ్రి పేరులోనే రెండు స్పెల్లింగులు. మా చిన్నాయనకు చదువు రాదు. గుమస్తాకు ఎట్లా వినిపిస్తే అట్లా రాసుకున్నాడు.

ఈ తేడాలు ఊళ్లో ఎవరికీ అడ్డం రావు, వీసా దగ్గర మాత్రం గోడలవుతాయి. విదేశీ పత్రాల గుర్తింపును సులువు చేసే అపోస్టిల్ ఒప్పందం మన దేశంలో 2005 నుంచి అమల్లో ఉంది. సౌదీ అరేబియా 2022లో అందులోకి వచ్చింది. ఒమన్, బహ్రెయిన్ అంతకుముందే చేరాయి. ఆ దేశాలకు వెళ్లేవాళ్లకు మన విదేశాంగ శాఖ ముద్రే చివరిది. ఎమిరేట్స్ అందులో లేదు. అందుకే డిగ్రీకి ముందు సర్టిఫికెట్ పుట్టిన రాష్ట్రం ధ్రువీకరణ, ఆ తర్వాత విదేశాంగ శాఖ, తర్వాత ఎమిరేట్స్ రాయబార కార్యాలయం, చివరికి అక్కడి విదేశాంగ శాఖ ముద్ర కావాలి. మా చెల్లెలి డిగ్రీ గుజరాత్‌ది, బీఈడీ తెలంగాణది. అంటే మొదటి మెట్టు దగ్గరే రెండు రాష్ట్రాలు. పేరు సరిచేయాలంటే అఫిడవిట్, పత్రికా ప్రకటన, గెజిట్. ఇవన్నీ చేసిపెడతానన్న ఏజెంటు అడిగిన డబ్బు, మగ్గం మీద ఆమె తండ్రి సంపాదించే రెండు నెలల కూలి.

ఈ నిబంధనల్లో ఎక్కడా కులం అన్న మాట లేదు. కానీ ఎవరి కాగితాలు కుదురుగా ఉంటాయో చూడండి. తాత కాలం నుంచి చదువు, ఆస్తి, ఒకే ఊళ్లో ఇల్లు ఉన్నవాళ్లవి ఉంటాయి. పని కోసం రాష్ట్రం దాటిన కూలి కుటుంబంలో మొదటిసారి చదువుకున్న బిడ్డవి చెదిరిపోతాయి. నిబంధన అందరికీ ఒకటే. దాని ఖర్చు మాత్రం కింది కులాల మీదే ఎక్కువ పడుతోంది.

ఈ నేల మీద ఇది కొత్త కథ కాదు. సూరత్‌కు ఉత్తరాన ఉన్న బరోడాకు 1917లో డాక్టర్ అంబేడ్కర్ ఉద్యోగానికి వచ్చారు. కొలంబియాలో చదివొచ్చిన మనిషికి ఊళ్లో గది దొరకలేదు. పార్సీల సత్రంలో తలదాచుకోవడానికి రిజిస్టర్‌లో పార్సీ పేరు రాయించుకోవాల్సి వచ్చింది. కొద్ది రోజులకే కర్రలు పట్టుకొచ్చిన గుంపు ఆయన్ను వెళ్లగొట్టింది. ఆ అనుభవాన్ని రాసిన పుస్తకానికి ఉన్న పేరు ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’. సొంత దేశంలోనే ప్రవేశం కోసం ఎదురుచూడటమంటే ఏమిటో ఆ పేరులోనే ఉంది.

వలస బిడ్డకు చిక్కు వీసా కంటే ముందే మొదలవుతుంది. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగం వల్ల బొంబాయి చేరిన మర్రి చంద్రశేఖరరావు మెడికల్ సీటు కేసులో సుప్రీంకోర్టు 1990లో తీర్పు ఇచ్చింది. ఒక రాష్ట్రపు ఎస్సీ, ఎస్టీ హోదా మరో రాష్ట్రానికి వెంట రాదని తేల్చింది. తండ్రి సొంత రాష్ట్రపు పత్రం చూపితే, వలస వచ్చిన చోటే బిడ్డకు కుల ధ్రువపత్రం ఇవ్వవచ్చని కేంద్ర ఆదేశాలు ఉన్నాయి. కానీ తాలూకా ఆఫీసులో ‘మీ ఊరికి పోండి’ అన్నదే జవాబు. అట్లా ఫీజు రాయితీ పోయిన బీఈడీకి అప్పు, వీసా ముద్రలకు మరో అప్పు.

కాబట్టి అడగాల్సింది స్పష్టంగా అడగాలి. తెలంగాణ, ఆంధ్ర ప్రభుత్వాలు సూరత్ లాంటి వలస నగరాల్లో ధ్రువపత్రాల సహాయ కేంద్రం పెట్టాలి. విదేశీ చదువుకు స్కాలర్‌షిప్ ఇస్తున్న ప్రభుత్వాలు, విదేశీ ఉద్యోగానికి వెళ్లే ఎస్సీ, ఎస్టీ టీచర్ల ధ్రువీకరణ ఖర్చునూ భరించాలి. రాష్ట్రాల మధ్య పేరు రాసే పద్ధతి వేరు కావడం వల్ల వచ్చిన తేడాకు గెజిట్ అడగకుండా, ఒక్క అధికారి సంతకంతో సరిచేసే ఏర్పాటు ఉండాలి.

మన సంఘాలకూ పని ఉంది. ఏప్రిల్ 14న పూలదండతో పాటు ఒక టేబుల్, ఒక స్కానర్ పెట్టండి. పిల్లలు టెన్త్ ఫారం నింపే ముందే పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ సరిచూడండి. గల్ఫ్‌కు వెళ్లే ప్రతి అక్కకూ, తమ్ముడికీ ఒక మాట చెప్పండి: పాస్‌పోర్టు యజమాని చేతికి ఇచ్చేయొద్దు. 1967 చట్టం ప్రకారం అది భారత ప్రభుత్వ ఆస్తి. ఎమిరేట్స్ కార్మిక చట్టం కూడా ఉద్యోగి పత్రాలు గుంజుకోవడాన్ని నిషేధించింది.

మా చెల్లెలి ఉద్యోగాన్ని ఆ బడి ఇంకో నెల ఆపుతానంది. అఫిడవిట్ అయింది, హైదరాబాద్ ముద్ర ఇంకా రావాలి. పాఠం చెప్పడం ఆమెకు వచ్చు. తన పేరు తనదేనని నిరూపించుకోవడానికే ఇన్ని నెలలు పట్టింది.