తాళము వేసిన ఇంటిలో మగ్గమున్నది

ఆడికృత్తికకు కావడి ఎత్తుకొని తిరుత్తణి కొండకు పోవువారు, పెరటాసి శనివారములకు తిరుమల పోవువారు, పెండ్లిండ్లకు, పురుళ్లకు నగరి, పుత్తూరు వైపు పోవువారు మన నేతపేటలలో ఎందరో గలరు. పోవుట తప్పు కాదు. సంవత్సరము పొడుగునా గుంటలో కాళ్లు పెట్టుకొని కూర్చున్నవానికి నాలుగు దినముల ప్రయాణము అవసరమే. అయితే పోవునప్పుడు మనము ఇంటికి చేయు బందోబస్తు ఏమి? ఒక తాళము. దానిని రెండుసార్లు లాగి చూచి, స్వామికి దండము పెట్టి, బస్సు ఎక్కుదుము. అంతమాత్రము చాలదని చెప్పుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

నేతవాని ఇల్లు మనుషులు లేనంతమాత్రాన ఖాళీ కాదు. అందు మగ్గమున్నది, మగ్గముమీద పడుగున్నది. సంఘము ఇచ్చిన నూలు గూటిలో ఉన్నది. అది పోయిన యెడల నష్టపడునది ఆ ఇంటివాడొక్కడే కాదు. సంఘము నూలు అనగా సభ్యులందరి నూలు. అందుచేత ఒక ఇంటి కాపలా వీధి అంతటికి సంబంధించిన పని అని మా అభిప్రాయము.

ఇందుకు మా సంఘములో జరిగిన ఒక సంగతి చెప్పవలసియున్నది. అందులో మా తప్పును కలదు గనుక దాచుట న్యాయము కాదు. 2023 నవంబరు కడపటి వారములో ఒక సభ్యుని కుటుంబము కూతురి పురిటికి పోయినది. పది దినములలో వత్తుమని చెప్పిరి. డిసెంబరు 3, 4 తేదీలలో మిచౌంగ్ తుపాను వానలు చెన్నపట్నమును, మన తిరువళ్ళూరు జిల్లాను ముంచివేసిన సంగతి అందరును ఎరుగుదురు. ఆ తుపాను 5వ తేదీన బాపట్ల దగ్గర తీరము దాటినది. ఇక్కడ ఆ ఇంటి కప్పుమీద పెంకులు రెండు జారినవి. బాలింతకు ఒంట్లో బాగుండక వారు తిరిగివచ్చుటకు నలుబది దినములు పట్టినది. వచ్చి చూడగా తాళము చెక్కు చెదరలేదు. లోపల మాత్రము గుంట నిండ నీరు, పడుగు నిండ బూజు. గంజి వాసనకు వచ్చిన ఎలుకలు పోగులు కొరికి పోయినవి. దొంగ ఒక్కడును రాలేదు. ఇల్లు మాత్రము దోపిడి అయినది.

మేము నిబంధన ప్రకారము నూలు ఖరీదును ఆ సభ్యుని కూలిలో పట్టుకొంటిమి. అప్పుడు ఆ ఇల్లాలు, "అన్నా, దినామూ మా వాకిలి ముందరే గదా సైకిలు మీద పోతావు. తాళం చూస్తివి గానీ లోపల మగ్గం ఉండేది నీకు తెలీదా?" అని అడిగినది. మేము బదులు చెప్పలేకపోతిమి. నూలు లెక్క మా పుస్తకములో ఉన్నది. ఆ ఇంట ఎవరును లేరని కూడ మాకు తెలియును. ఈ రెండు సంగతులను కలిపి చూచినవారము కాము.

అట్లయిన పొరుగువారికి తాళపుచెవి ఇచ్చిన సరిపోవునుగదా అని కొందరందురు. ఇచ్చువారు లేకపోలేదు, పుచ్చుకొనువారే లేరు. కారణము స్పష్టము. రేపు ఒక చెంబు కనబడకపోయినను పొరుగువానినే అనుమానింతురు. నిన్నటిదాక వదినా, మరదలా అని పిలుచుకొన్న ఇండ్ల మధ్య మాటలు లేకుండ పోవును. ఈ భయము ఊరక కలిగినది కాదు. దీనికి విరుగుడు నమ్మకమును కాగితముమీద పెట్టుట. ఏయే వస్తువులు ఇంట ఉన్నవో రెండు ప్రతులు వ్రాసి, ఒకటి ఇంటివారును, ఒకటి సంఘమును ఉంచుకొనవలెను. తాళపుచెవిని కవరులో అంటించి, పైన ఇంటివారు సంతకము చేసి సంఘమునకు ఇయ్యవలెను. వాన వచ్చినను, పొగ కనబడినను ఇద్దరు సభ్యులు కలిసి తెరచి, తెరచిన వేళను, చూచినదానిని వ్రాయవలెను. ఒంటిగా ఎవరును తెరువరాదు. అప్పుడు నింద ఒకనిమీద పడదు. నగలు, రొక్కము మాత్రము ఇంట ఉంచి పోరాదు. అవి సంఘము బాధ్యత కాజాలవు.

నాలుగు దినములు పోవువారు చేయవలసినవి ఇవి:

1. నేసినంత గుడ్డ కోసి సంఘమునకు అప్పగించి కూలి వ్రాయించుకొనవలెను.

2. మిగిలిన చిలపలను, పట్టు, జరీ ఉన్నచో వానిని తిరిగి యిచ్చి పాసుపుస్తకములో పద్దు వేయించుకొనవలెను.

3. పడుగు బిగువు సడలించి పాతగుడ్డ కప్పవలెను. గంజి కుండ, అన్నపు మెతుకులు మగ్గము దగ్గర ఉంచరాదు.

4. కప్పు పెంకులు చూచి, కరెంటు మెయిను, గ్యాసు మూసి, దీపము ఆర్పి పోవలెను.

5. ఎదురింటివారికి, వెనుక ఇంటివారికి తిరిగివచ్చు తేదీ చెప్పవలెను. తేదీ మారిన ఫోను చేయవలెను.

6. కొండమీద తీసుకొన్న ఫొటోలు ఇంటికి వచ్చిన తరువాత వాట్సాపులో పెట్టుకొనవచ్చును. ఇల్లు తాళము వేసియున్నదని ఊరికి చాటింపు వేయనక్కరలేదు.

పోలీసు స్టేషనులో ముందుగా తెలిపిన యెడల రాత్రి రోందువారు ఆ వీధిని చూచిపోవుదురు. తెలుపవలసినదని పోలీసువారే కోరుచుందురు. అయినను మన పెద్దలు స్టేషను మెట్టు ఎక్కుటకు సంకోచింతురు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా మదరాసు రాష్ట్రములో చేరినది మొదలు కచేరి కాగితములన్నియు తమిళమే. ఇంట తెలుగు మాటలాడి, తమిళము చదువుట మాత్రమే వచ్చి, అర్జీ వ్రాయుటకు జంకువారు నేటికిని గలరు. ఆ అర్జీ వ్రాసిపెట్టుట సంఘ కార్యదర్శుల పని. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 305వ సెక్షను ప్రకారము నివాసగృహములో దొంగతనమునకు ఏడేండ్ల వరకు శిక్ష విధింపవచ్చును. మంచిదే. కాని శిక్ష పడినంతమాత్రాన పోయిన నూలు మగ్గమెక్కదు.

ఇక నెలల తరబడి పోవువారి సంగతి. శ్రీపెరంబుదూరు, ఒరగడం కార్ఖానాలకు పిల్లలతో పోయి కాపురము పెట్టినవారి ఇండ్లు మన పేటలలో తాళములతో ఉన్నవి. మగ్గపు కొయ్యకు చెద పట్టుచున్నది. వారిని మేము తప్పుపట్టము. కూలి గిట్టని చోట మనిషిని నిలుపుట ఎవరి తరము? కాని అట్టివారు సంఘము పడుగును మగ్గముమీద వదలి పోరాదు. ఇంట చోటు ఉండి మగ్గము లేని సభ్యులు గలరు. ఒడంబడిక వ్రాసికొని మగ్గమును వారికి వాడుకకు ఇచ్చిన యెడల మగ్గము బ్రదుకును. ఇంటివారు తిరిగివచ్చునాటికి కూర్చుండుటకు మగ్గమును ఉండును. ఇయ్యనొల్లని యెడల మగ్గము విప్పి ఎత్తుగా పేర్చి, గుంటపై పలకలు వేయవలెను.

రాబోవు మహాసభలో మేము ఒక తీర్మానము ప్రతిపాదింపదలచినాము. ఊరికి పోవువారి పేరు, తిరిగివచ్చు తేదీ వ్రాయుటకు సంఘములో ఒక పుస్తకము పెట్టవలెను. తాళము వేసిన ఇంటిని సంఘము తరఫున ఇద్దరు వారమునకొకసారి, వానకాలములో దినదినము, బయటినుండి చూచి రావలెను. ఈ ప్రకారము తెలిపి పోయినవాని ఇంట వాన వలన నూలు చెడిన యెడల ఖరీదులో సగము సంఘము భరింపవలెను. సంఘమునకు ఖర్చు అని కొందరు ఆక్షేపింతురు. చూచుటకు మనకును బాధ్యత ఉన్నప్పుడే మన సైకిలు ఆ వాకిట ఆగును.

ఆ సభ్యుని కూలిలో పట్టుకొన్న సొమ్మును గూర్చి కూడ ఆ సభలోనే తేల్చవలసినదని సభ్యులను కోరుచున్నాము.