బాటిలెక్కిస్తే బలమొస్తుందా?

మిర్చి కోతలు ముగిసేసరికి మన పేటల్లో దూలానికో, వేపకొమ్మకో ఒక సెలైన్ సీసా వేలాడుతూ కనపడుతుంది. నెలల తరబడి వంగి కాయ కోసిన ఒళ్లు. నడుము లాగుడు, కళ్లు తిరుగుడు, నీరసం. "ఒక బాటిలెక్కించయ్యా, రేపు పనికి పోవాల" అంటారు మన ఆడవాళ్లు. ఎక్కించేవాడు ఎక్కిస్తాడు. రెండు రోజుల కూలి జేబులో వేసుకుని బండెక్కి పోతాడు.

ఆ సీసాలో ఏముందో మనకెవరూ చెప్పలేదు. చెబుతాం వినండి. అరలీటరు గ్లూకోజు సీసాలో ఉండేది 25 గ్రాముల గ్లూకోజు. అంటే చిన్న చెంచాతో ఐదు చెంచాల చక్కెరంత. ఉప్పునీళ్ల సీసా అయితే అందులో నాలుగున్నర గ్రాముల ఉప్పు, ఒక చెంచా కూడా నిండదు. మిగిలిందంతా నీళ్లే. బలం లేదు, రక్తం లేదు, మాంసం లేదు. ఒక ముద్ద అన్నం, పప్పు తింటే వచ్చే సత్తువ కూడా అందులో లేదు. చక్కెర టీ నీళ్లను నరంలోకి ఎక్కించుకుని రెండు రోజుల కూలి ఇచ్చి వస్తున్నాం.

సెలైన్ అసలు వద్దనడం లేదు. వాంతులు, విరేచనాలై మనిషి నోటితో చుక్క నిలుపుకోలేకపోతే, మూత్రం బందైతే, స్పృహ తప్పితే అది ప్రాణం పోస్తుంది. అప్పుడు ఇంటి దూలం కాదు, ఆసుపత్రి కావాలి. తాగగలిగినవాడికి లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఒక ఓఆర్ఎస్ పొట్లం చాలు. పొట్లం లేదా? లీటరు నీళ్లకు ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. కొలత తప్పకూడదు, ఉప్పు ఎక్కువైతే ప్రమాదం.

సీసా తర్వాత సూది. సాయంత్రం వేయించుకుంటే తెల్లారేసరికి ఒళ్లునొప్పులు మాయం. "మా డాక్టరు చెయ్యి మంచిది" అంటాం. చాలాచోట్ల ఆ చేతి మంచితనం పేరు స్టెరాయిడ్, దానికి తోడు నొప్పిమందు. స్టెరాయిడ్ జ్వరాన్ని అణిచి లోపలి జబ్బును దాస్తుంది. పదేపదే పొడిపించుకుంటే షుగరు పెరుగుతుంది, ఎముక గుల్లవుతుంది. నొప్పిమందు కిడ్నీలను తినేస్తుంది. సూది మార్చకుండా పొడిస్తే వచ్చే రోగాల సంగతి వేరే.

ఆర్.ఎం.పి. మీద పగతో రాయడం లేదు. అర్ధరాత్రి పిలిస్తే పేటలోకి వచ్చేది అతనే. మన నులకమంచం మీద కూచుని చెయ్యి పట్టి చూసేది అతనే. అతన్ని మన డాక్టరును చేసిందెవరు? చదువుకున్న డాక్టరుకు మన ఒళ్లు ముట్టుకోబుద్ధి కాదు. బల్లకవతల నిలబెట్టి, నాడి పట్టకుండా, "ఏందే నీ రోగం" అని అడిగి చీటీ గిలికేస్తాడు. కడుపునిండా చదివి మర్యాద చదవనివాళ్లు! ఇది మా ఒక్క మండలం గోల కాదు. 11 రాష్ట్రాల్లో 565 ఊళ్లు తిరిగి చేసిన అంటరానితనం అధ్యయనం 2006లో పుస్తకంగా వచ్చింది. మూడోవంతు ఊళ్లలో ప్రభుత్వ ఆరోగ్య సిబ్బంది దళితుల ఇళ్లకు రారని అందులో తేలింది. జీతం మన పన్నుల్లోంచి, మైల మాత్రం మన గడపకు!

2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. గుండె ఆపరేషన్‌కు కార్పొరేట్ ఆసుపత్రి తలుపు తెరిచింది, దాంతో బతికినవాళ్లు మనలోనూ ఉన్నారు, కాదనం. ప్రభుత్వం మారినప్పుడల్లా కార్డు మీద పేరు మారింది, బొమ్మ మారింది. రోజువారీ జ్వరానికి, రక్తం తక్కువకు, తెల్లబట్టకు ఆ కార్డు పలకదు. కోతకైతే పలుకుతుంది. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు దేశంలోకెల్లా ఎక్కువగా మన రెండు రాష్ట్రాల్లోనే ఎందుకున్నారో ఆలోచించండి. తెల్లబట్టకు మాత్రలతో నయమయ్యే కారణాలే ఎక్కువ. "తీసేయకపోతే క్యాన్సరైద్ది" అని బెదిరించినవాడిని నమ్మి సంతకం పెట్టకుండా ఇంకో డాక్టరుకు చూపించుకోండి.

మన నీరసానికి అసలు పేరు చాలాసార్లు రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లు నూటికి 57 మందికి అది ఉంది. రక్తపరీక్ష చేయించి ఐరన్ మాత్ర అడగండి, ప్రభుత్వ ఆసుపత్రిలో ఊరికే ఇవ్వాలి. టీతో మింగితే ఒంటికి పట్టదు. విరేచనం నల్లగా అయితే బెదరొద్దు, అది మాత్ర రంగు.

రెండు వారాలు దాటిన దగ్గు ఉన్నవాణ్ణి సూదికి పంపకండి, కళ్లె పరీక్షకు పంపండి. క్షయ దాచాల్సిన జబ్బు కాదు. పరీక్షా ఉచితం, ఆరు నెలల మందూ ఉచితం. మందు మొదలెట్టాక మూత్రం ఎర్రగా వస్తుంది, అది చూసి మానేసినవాళ్లు మన పేటల్లోనే ఉన్నారు. అది మందు రంగే. మధ్యలో మానితే జబ్బు మొండికేసి, ఉన్న మందుకు లొంగదు. తిండి కోసం కేంద్రం 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇచ్చేది. 2024 నవంబరు నుంచి దాన్ని 1000 చేశారు. ఆ డబ్బు రోగి బ్యాంకు ఖాతాలో పడాలి. పడకపోతే అడగాలి.

వైద్యం నీళ్ల దగ్గరే మొదలవుతుంది. 1985లో కారంచేడులో మన మాదిగల మీద దాడి ఎక్కడ మొదలైంది? మనం తాగే చెరువును మురికి చేయొద్దన్న దగ్గర. ఆ మాటకు ఆరు ప్రాణాలు తీశారు. ఇప్పటికీ మన పేట పంపు పక్కనే ఊరి మురుగుకాల్వ పారుతుంటే విరేచనాలు ఎక్కణ్ణుంచి వస్తాయో డాక్టరు చెప్పాలా?

చట్టం ఉంది. అంటరానివాడని ఆసుపత్రిలో చేర్చుకోకపోయినా, చేర్చుకుని వేరుగా చూసినా 1955 పౌరహక్కుల రక్షణ చట్టం 5వ సెక్షన్ కింద నేరం. ఎస్సీ, ఎస్టీలను ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోకి రాకుండా అడ్డుకోవడాన్ని 2015 సవరణలో అట్రాసిటీ చట్టంలోకి కూడా చేర్చారు. చట్టం దానంతటదే నడిచి పేటకు రాదు.

కాబట్టి సంఘాల వాళ్లు ఒక పని చేయండి. వారానికోసారి నలుగురు కలిసి ఆరోగ్య కేంద్రానికి పోండి. డాక్టరు ఎన్ని గంటలకు వచ్చాడు, మన మనిషిని ముట్టుకుని చూశాడా, కళ్లె పరీక్ష ఉందా, ఐరన్, బీపీ, షుగరు మాత్రలు ఉన్నాయా అని నోటు పుస్తకంలో తేదీ వేసి రాయండి. మందు లేదంటే లేదని కాగితం మీద రాసిమ్మనండి. రాసివ్వనంటే, ఆ మాటను కూడా పేరుతో సహా రాసుకుని గ్రామసభలో చదవండి.