సంఘపు గదిలో చుట్టపొగ

సంఘసమావేశములలో అప్పుల పద్దులు చదువుచుండగా నలుగురైదుగురు చుట్టలు ముట్టించుట, తక్కినవారా పొగలో గూర్చుండుట చిరకాలపు వాడుక. దీనిని మాన్పవలయునని మా యభిప్రాయము.

పొగ త్రాగువానికే కీడని పలువురు తలంచుచున్నారు. 2024లో వెల్లడియైన పరిశోధన వేఱుగా జెప్పుచున్నది. బ్రిటనులో సుమారు 4 లక్షలమందిని 12 ఏండ్లకు పైగా గమనింపగా, గుండె లయ తప్పు జబ్బు ఇతరులలో 100 మందికి వచ్చుచోట, పరుల పొగ పీల్చిన యంతమందిలోనే 106 మందికి వచ్చెను. వారమునకు సుమారు 8 గంటలు పీల్చినచో 111. ఈ జబ్బున గుండె పైగదులు క్రమముగా ముడుచుకొనక వణకును. అచ్చట నెత్తురు నిలిచి గడ్డకట్టును. ఆ గడ్డ మెదడునకు బోయినచో పక్షవాతము. పొగయే కారణమని యింతమాత్రమున తేలదందురా? కావచ్చును. పొగవలన మేలు గలిగెనని మాత్ర మెవ్వరును జెప్పలేదు.

పొగాకు మన పైరు గదా యని గుంటూరు, ప్రకాశము జిల్లాల సభ్యులు నొచ్చుకొనవచ్చును. పండించుట వేఱు, మూసిన గదిలో పొరుగువానిచే పీల్పించుట వేఱు.

2008 అక్టోబరు 2 నుండి కార్యాలయములలో పొగత్రాగుట నిషిద్ధము. 200 రూపాయలవఱకు జుర్మానా కలదు. అధ్యక్షులే ముట్టించునపుడు జుర్మానా వ్రాయువారెవరు? కావున వచ్చు మహాసభలో దీనిని తీర్మానముగా బెట్టవలయునని కోరుచున్నాము. చుట్టలవారికి బయట వేపచెట్టు నీడ యున్నది.