ఫిరంగి వెనుక రైలుబండి

మన పిల్లలు సెలవు దినములలో అట్టముక్కలు, అగ్గిపెట్టెలు, చీపురుపుల్లలు చేర్చి రైలుఫిరంగి నమూనాలు చేయబూనినప్పుడు, పెద్దలు కొందరు "యుద్ధపు బొమ్మలు మనకేల?" యని వారించుట కలదు. ఆ శంక నిర్హేతుకమని మేమనజాలము. అయినను మా యభిప్రాయమున దోషము ఫిరంగిని చేయుటలో లేదు. ఫిరంగిని మాత్రమే చేసి ఊరకుండుటలో నున్నది.

1944లో ఇటలీలోని ఆంజియో తీరమున మిత్రసేనలపై గుండ్లు కురిపించిన జర్మను ఫిరంగి 'లియోపోల్డు'ను తీసికొందము. దాని బరువు 218 టన్నులు. గొట్టము పొడవు సుమారు 21.5 మీటర్లు. 72వ వంతు ప్రమాణమున చేసినచో గొట్టమే యొక యడుగుండును. చూచువారి కన్ను దానిపైననే నిలుచును. కాని ఇంజను లేక అది కదలదు. గుండ్ల పెట్టె, మందు పెట్టె లేక పేలదు. సిబ్బంది పండుకొను పెట్టె, వంటపెట్టె లేక దినమైనను గడవదు. ఇంతయు నుండియు, విమానములకు వెరచి అది సొరంగమున దాగవలసివచ్చెను.

1942 జూన్‌లో సెవస్టొపోలుపై ప్రయోగించిన 80 సెంటీమీటర్ల క్రుప్ ఫిరంగి కథ మరింత విచిత్రము. సుమారు 1350 టన్నుల ఆ యంత్రమును విడి భాగములుగా రైళ్లపై తెచ్చి, రెండు జతల పట్టాలపై కూర్చిరి. అక్కడ అది పేల్చినవి 48 గుండ్లు మాత్రమే! వేలమంది శ్రమకు ఫలమదియే.

పట్టాల విలువ పావగడవారికి వేరుగ చెప్పనక్కరలేదు. 2007-08లో మంజూరైన రాయదుర్గం-తుమకూరు మార్గమునకై మన తాలూకా ఏండ్ల తరబడి యెదురుచూచినది. ధాన్యమును, చుట్టములను, చదువుకొను బిడ్డలను మోయవలసిన పట్టాలపై మానవుడు ఇట్టి భారమును మోయించిన లెక్క మన పిల్లలకు తెలియవలదా?

కావున తల్లిదండ్రులకు మా మనవి యిది. బొమ్మను లాగికొనకుడు. దాని వెనుక పరివార రైలునంతయు చేయింపుడు. ప్రతి పెట్టె క్రింద దాని పేరును, పనిని పిల్లలచేత తెలుగున వ్రాయింపుడు. ఇరుగుపొరుగులకై కన్నడమునను వ్రాయింపుడు. బడిలో కన్నడమును, ఇంట తెలుగును వాడు మన బిడ్డలకు యంత్రవిషయమును మాతృభాషలో వ్రాయు సందర్భము లెన్ని దొరకును? ఫిరంగిని చూచి అబ్బురపడిన బాలుడు, వంటపెట్టె నతికించునప్పుడు మాత్రము "ఇంతమంది దీనికేనా?" యని యడుగును. ఆ ప్రశ్న పుట్టినచో బొమ్మ తన పని చేసినట్లే.