తూనీగకి ఫ్రిజ్ ఎందుకు?

క్లోజప్ ఫొటోలు అనగానే మనవాళ్ళ మొదటి మాట "మాక్రో లెన్స్ లేదు మామా". అది లేకపోయినా పని జరుగుతుంది. బిగినర్ కెమెరాతో వచ్చే 18-55 లెన్స్‌లు చాలావరకు పురుగుని దాని అసలు సైజులో మూడో వంతుకి అటూ ఇటూగా సెన్సర్ మీద చూపిస్తాయి. 50 ఎంఎం లెన్స్ వెనక 25 ఎంఎం ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ పెడితే అది సగం దాటుతుంది. ట్యూబ్‌లో గాజు ఉండదు, ఖాళీ గొట్టమే. అందుకే చవక.

అసలు ఇబ్బంది వేరే. అంత దగ్గరికి వెళ్తే ఎఫ్/8లో కూడా ఫోకస్‌లో ఉండేది దాదాపు 1 మిల్లీమీటరే. తూనీగ కాస్త కదిలితే కన్ను మసకైపోతుంది. అది కదలకూడదని కొందరు దాన్ని పట్టుకుని, ఫ్రిజ్‌లో పెట్టి, బిగుసుకుపోయాక ఆకు మీద కూర్చోబెట్టి తీస్తారు. లైకులు బాగానే వస్తాయి. కానీ అది ఒక ప్రాణిని హింసించి వేసిన సెట్టింగ్.

ఫ్రిజ్ చేసే పని తెల్లవారుజామున చలి ఊరికే చేస్తుంది. ఎండ తగిలి ఒళ్ళు వేడెక్కేదాకా తూనీగ గడ్డిపరక మీద అలాగే ఉంటుంది. అప్పుడు ఆటోఫోకస్ ఆపేసి, లైవ్ వ్యూలో దాని కన్నుని జూమ్ చేసి చూస్తూ, రింగ్ తిప్పకుండా మనమే కొద్దికొద్దిగా ముందుకీ వెనక్కీ జరగాలి. కావాల్సింది అలారం, ఓపిక.

అందుకే మన కాలేజీ ఫొటో పోటీల్లో ఒక రూల్ పెట్టాలి: ప్రాణిని పట్టి, చల్లబరిచి తీసిన ఫొటో వద్దు. ఎలా తెలుస్తుందంటారా? వరసగా తీసిన ఒరిజినల్ ఫైల్స్ అడగండి, వాటిలో టైమ్ ఉంటుంది. మిట్టమధ్యాహ్నం మంచుబొట్లతో తూనీగ కనిపిస్తే, అవి ఎక్కడివో తీసినవాళ్ళే చెప్పాలి.