యీషున్‌కి సొంత కార్తెలు కావాలి

ఈసారి విభక్తుల గురించి కాదు, గోంగూర గురించి రాస్తున్నాను. గోంగూరతో మొదలుపెట్టి పంచాంగంతో గొడవ పెట్టుకుంటాను. ముందే చెబుతున్నాను.

మే 12, సోమవారం. ఇక్కడ వేసాక్ సెలవు. మన లెక్కలో వైశాఖ పౌర్ణమి. గుడిలో పొద్దుటి పూల పని అయ్యాక నేరుగా మడి దగ్గరికి వెళ్లాను. కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఒక మాట: గుడిలో మడి వేరు, తోటలో మడి వేరు. ఈ తేడా తెలియని రోజుల్లో గుడికి వచ్చే ఒక పెద్దావిడతో "మా మడి 2.5 మీటర్లు ఉంటుందండీ" అన్నాను. ఆవిడ నన్ను పైనుంచి కింది దాకా చూసి, చీర కొలుస్తున్నాననుకున్నారు. నేను చెప్పింది పార్కుల శాఖ లాటరీలో దొరికిన మట్టి మడి గురించి. పొడవు 2.5 మీటర్లు, వెడల్పు 1 మీటరు, గడువు మూడేళ్లు. నా భూమి మొత్తం అంతే.

ఆ మడిలో గోంగూర మోకాలంత ఎత్తు కూడా ఎదగలేదు. అప్పుడే చివర మొగ్గలు వేసేసింది. ఆకులు లెక్కపెడితే పప్పులోకి కూడా చాలవు.

ఇది మూడోసారి. మొదటిసారి పోయిన జూన్‌లో చల్లాను. శ్రీకాకుళంలో మా పెద్దమ్మ కొడుకు ఫోన్‌లో "మృగశిర కార్తె రానీ చెల్లీ, అప్పుడు చల్లు, ఇంక ఆగదు" అన్నాడు. మృగశిర దాకా ఆగి చల్లాను. మొక్క మాత్రం ఆగిపోయింది. రెండోసారి సంక్రాంతికి, మూడోసారి ఉగాదికి. మూడుసార్లూ అదే కథ. గుడిలో అందరూ ఒకే మాట అన్నారు: "ఇక్కడి మట్టికి గోంగూర రాదండీ. లిటిల్ ఇండియాలో కట్ట కొనుక్కోండి." నేనూ మట్టినే తిట్టుకున్నాను. సంచుల కొద్దీ ఎరువు మోశాను. ఎరువు అంటే పొలానికి వేసేది, ఎరువు అంటే అడిగి తెచ్చుకున్నది కూడా. ఎరువు తెచ్చుకున్న నగ అంటే పెళ్లికి పక్కింట్లో అడిగి పెట్టుకున్న నగ. ఈ రెండో అర్థం మనసులో పెట్టుకోండి, మళ్లీ వస్తాను.

మంగళవారం కూర్చుని చదివాను. తప్పు మట్టిది కాదు, పగటిది. గోంగూర పగలు పొట్టిదయ్యాక పూసే మొక్క. మన ఊళ్లలో ఎండాకాలం వచ్చేసరికి పగలు పెరుగుతూ పోతుంది, జూన్‌లో 13 గంటలు దాటుతుంది. అన్నాళ్లూ గోంగూరకి ఆకుల మీదే ధ్యాస. దసరా వెళ్లి పగలు తగ్గాక పూతకి వస్తుంది. సింగపూర్ భూమధ్యరేఖకి ఒక డిగ్రీ చిల్లర దూరంలో ఉంది. ఇక్కడ జూన్‌లో పగలు ఎంతో డిసెంబర్‌లోనూ ఇంచుమించు అంతే. ఏడాది మొత్తంలో తేడా 10 నిమిషాలు కూడా ఉండదు. ఎప్పుడు చూసినా 12 గంటలు, పైన కొన్ని నిమిషాలు. అంటే గోంగూర లెక్కలో యీషున్‌లో ఎప్పుడూ దసరా వెళ్లిన కాలమే. మొలిచిన కొన్నాళ్లకే "ఇంక పూయాలి కాబోలు" అనుకుంటుంది. పాపం, దాని తప్పేముంది?

పక్క మడి పెద్దాయన చైనీస్. బయమ్, కాంగ్‌కాంగ్ పెంచుతారు. బయమ్ అంటే మన తోటకూరే, కాంగ్‌కాంగ్ అంటే తూటికూర. ఆయన నా మొగ్గలు చూసి చాలా సంతోషించారు. ఆయనకి ఇది రిబీనా మొక్క. ఎర్రటి కాయ తొడుగులు కోసి, మరిగించి, పంచదార వేసి తాగుతారు. నేను మూడుసార్లు ఓడిపోయాననుకున్న చోట ఆయనకి పంట కనబడింది.

ఇప్పుడు అసలు గొడవ. కార్తె అంటే సూర్యుడు ఒక నక్షత్రంలో ఉండే 13, 14 రోజులు. ఏడాదికి 27 కార్తెలు. నేను ఈ వారం అంతా కృత్తిక కార్తెలో పని చేశాను. మే 25కి రోహిణి, అప్పుడు ఎండలకి రోళ్లు పగులుతాయని అంటారు. జూన్ 8 ప్రాంతంలో మృగశిర, తొలకరి, ఆ రోజు చేపలు తినాలి. ఇదంతా ఎంత బాగుంటుందో! నాకు ఈ పేర్లు అరవై ఏళ్లు దగ్గరపడ్డాక తెలిశాయి. తెలిశాక వదల్లేదు. మన భాష నేర్చుకునే చాలామంది లాగే నేనూ పేరు దొరికింది కదా అని కాలం కూడా దొరికిందనుకున్నాను. ఎండ అక్కడిది, వాన అక్కడిది, పగలు అక్కడిది. నేను పెట్టుకున్నది ఎరువు తెచ్చుకున్న నగ. చూడ్డానికి బాగుంది, నా మెడకి సరిపోలేదు.

ఇక్కడ తొలకరి లేదు. ఏడాదికి 2,000 మిల్లీమీటర్లు దాటిన వాన, ఏ నెలా పూర్తిగా ఎండిపోదు. నేలని ఎండలో ఆరబెట్టి, మొదటి వానకి దుక్కి దున్నే రైతుకి మృగశిర పండగ. మధ్యాహ్నం రెండింటికి రోజూ ఉరిమే ఊళ్లో దాని కోసం కాచుకుని కూర్చోవడం తెలివితక్కువ. ఆ తెలివితక్కువ పని ఏడాది చేశాను కాబట్టి అంటున్నాను.

బుధవారం సాయంత్రం గుడిలో ఈ మాట అన్నాను. మనం యీషున్‌కి సొంత కార్తెలు రాసుకోవాలి, తెలుగు పేర్లతో. అక్కడ ఉన్న పెద్దాయన, మా అందరికీ ఆయనంటే గౌరవం, దండలు కడుతూనే తల అడ్డంగా ఊపారు.

"కార్తెలు మనం పెట్టుకునేవా అమ్మా? నక్షత్రాలు చెప్పేవి."

"మరి రాహుకాలం?" అన్నాను.

రాహుకాలం సూర్యోదయం నుంచి లెక్క. పగటిని ఎనిమిది భాగాలు చేసి సోమవారానికి రెండో భాగం తీసుకుంటారు. అక్కడి క్యాలెండర్లలో 7:30 నుంచి 9 దాకా అని ఉంటుంది. ఇక్కడ సూర్యుడు ఇంచుమించు ఏడింటికి వస్తాడు కాబట్టి 8:30 నుంచి 10 దాకా అవుతుంది. తిథి కూడా సింగపూర్ సూర్యోదయానికే చూసుకుంటాం. ఊరు మారితే లెక్క మార్చుకోవాలని పంచాంగమే చెబుతోంది. దేవుడికి మార్చినది గోంగూరకి మార్చకూడదా?

ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "సరేనమ్మా, మీ కార్తెల్లో మొదటిది ఏది?" అన్నారు. ఒప్పుకున్నట్టా, వెక్కిరించినట్టా, నాకు ఇప్పటికీ తెలియదు. నా తెలుగు అంత దూరం రాలేదు.

గురువారం తెల్లవారుజామున ఆయనకి జవాబు దొరికింది. సుమత్రా గాలి కొట్టింది. జలసంధి అవతల రాత్రి పుట్టి తెల్లవారేసరికి మన మీదికి వచ్చే గాలివాన. ఏప్రిల్ నుంచి నవంబర్ దాకా ఎప్పుడైనా రావచ్చు. గంటలో అయిపోతుంది. ఆ గంటలో నా కాకర పందిరి పడిపోయింది. మళ్లీ కట్టడానికి నాకు రెండు పూటలు పట్టింది, నడుము ఇంకా పట్టేసే ఉంది. కాకరపాదు మాత్రం బతికింది. పాదు అన్నా రెండు: మొక్క చుట్టూ నీళ్లకి చేసే గుంట, పందిరెక్కే తీగ. కాకరపాదుకి పాదు చేశాను అనొచ్చు, తప్పు లేదు.

అందుకని నా నోటుబుక్కులో రాసుకున్నవి ఇవి. మార్చి చివరి నుంచి మే దాకా ఉరుముల కార్తె. పొద్దున్నే విత్తాలి, మధ్యాహ్నం వానకి కొట్టుకుపోకుండా పైన గడ్డి కప్పాలి, కుండీల కింద పళ్లేల్లో నీళ్లు రోజూ ఒంపేయాలి, లేకపోతే దోమలు. దానితో కలిసి వచ్చేది సుమత్రా కార్తె. పందిళ్లు ముందే బిగించాలి. ఆగస్టు నుంచి అక్టోబర్ మధ్య, కొన్ని ఏళ్లలో మాత్రమే, పొగ కార్తె. 2015లో సెప్టెంబర్‌లో పొగకి బడులు ఒకరోజు మూసేశారు, అలాంటి రోజుల్లో మడి జోలికి వెళ్లకూడదు. డిసెంబర్‌లో ముసురు కార్తె. నీరు నిలవకుండా చూడటమే పని. ముసురు వెళ్లాక ఫిబ్రవరిలో ఎండు కార్తె. ఏడాదిలో బిందెలు మోయాల్సింది అప్పుడే. ఇవి 27 కావు, ఐదే. మీరు జురాంగ్‌లో ఉన్నా మెల్‌బోర్న్‌లో ఉన్నా మీవి మీరు రాయండి. మెల్‌బోర్న్‌లో అయితే ఉగాదికి ఆకులు రాలుతుంటాయి కదా, ఆ కార్తెకి ఏం పేరు పెడతారో నాకు చూడాలని ఉంది.

శనివారం పిల్లలు ఐదుగురు వచ్చారు. ఇక్కడి బడుల్లో తెలుగు లేదు. మా కాలంలోనూ లేదు. కొందరు తమిళం, కొందరు హిందీ తీసుకుంటారు. ఇంట్లో విన్న తెలుగు ఇంట్లోనే ఉండిపోతుంది. ఒక పాప కాకర పిందె చూపించి "ఆంటీ, చిన్న కాయ" అంది. పిందె అని చెప్పాను. మొగ్గ, పూత, పిందె, కాయ, పండు. ఇంగ్లీషులో అయితే పూత తర్వాత అన్నీ కలిపి ఒక్క మాటతో సరిపెట్టేస్తాం. పుస్తకంలో ఈ ఐదూ పక్కపక్కన చదివి నేను మూడుసార్లు మర్చిపోయాను. పాప కాకరపాదు మీద పది నిమిషాల్లో అన్నీ వెతికి చూపించింది, పండు తప్ప. పండు దాకా ఎవరు ఉంచుతారు?

తర్వాత గోంగూర మొగ్గలు గిల్లమన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చాక నేను కాసేపు అలాగే నిలబడ్డాను.

మేము కాంపాంగ్‌లో ఉన్నప్పుడు ఇంటి వెనక అమ్మ గోంగూర ఉండేది. ఏడాది పొడుగునా ఉండేది. నెలకో వరస చల్లేది. మూరెడు ఎదగ్గానే వేళ్లతో సహా పీకి కట్ట కట్టేది, ఎదిగే దాకా ఎప్పుడూ ఆగేది కాదు. మిగిలిన రెండు మూడు మొక్కలకి "మొగ్గ గిల్లు" అని నన్ను పంపేది. నాకు గిల్లడం అంటే చెప్పిన మాట వినకపోతే తొడ మీద పడేదే. నన్నే గిల్లుతానంటోందనుకుని "లేటర్, అమ్మా" అని ఇంగ్లీషు పుస్తకం పట్టుకుని ముందు గదిలోకి పోయేదాన్ని. ఆవిడే వెళ్లి గిల్లుకునేది. ఆవిడకి పగటి పొడవు గురించి ఎవరూ చెప్పలేదు. మృగశిర కార్తె ఎప్పుడు వస్తుందో ఆవిడకి బాగా తెలుసు, ఆ రోజు చేపల పులుసు పెట్టేది. విత్తనం మాత్రం దాని కోసం ఆపలేదు. అంటే అమ్మ దగ్గర ఇక్కడి కార్తెలు ఉన్నాయి. వాటికి పేర్లు పెట్టిందో లేదో నేను అడగలేదు. ఇప్పుడు అడగడానికి లేదు.

అందుకే పెద్దాయన మాటకి నేను ఒప్పుకోను. కార్తెలు మనం పెట్టుకునేవే. ఎవరో ఒకరు మొదట పెట్టారు, వాళ్ల పిల్లలు విన్నారు.

యీషున్ అనే పేరు కూడా తోటలు పెట్టిన మనిషిదే. లిమ్ నీ సూన్, 1879 నుంచి 1936 వరకు బతికారు, ఈ చుట్టుపక్కల రబ్బరు, అనాస వేశారు. నీ సూన్‌ని మాండరిన్‌లో పలికితే యీషున్. పేరు కూడా ఉచ్చారణ మార్చుకుని ఇక్కడ నిలబడింది.

ఆదివారం మూడో విడత గోంగూర మొత్తం పీకేశాను. ఆకు నాలుగు గుప్పెళ్లు, పప్పులోకి సరిపోయింది. మొగ్గలు పక్క మడి పెద్దాయనకి ఇచ్చాను. ఖాళీ అయిన చోట ఒక వరస చల్లి, కర్రకి చీటీ కట్టాను: ఉరుముల కార్తె, మొదటి వరస. రెండో వరస జూన్ 15న చల్లుతాను, మృగశిర ఉన్నా లేకపోయినా. విత్తనాలు కావాలంటే శనివారం పొద్దున తొమ్మిది లోపల రండి. ఎర్ర గోంగూరే ఉంది, తెల్లది అయిపోయింది.