పై పెదవి ఎత్తి చూడండి

పన్ను పుచ్చిన సంగతి మన ఇళ్లలో నొప్పి వచ్చాక గానీ తెలియదు. అర్ధరాత్రి పిల్లాడు దవడ పట్టుకుని ఏడుస్తుంటే లవంగ నూనెలో దూది ముంచి పెట్టడం, తెల్లారాక దంత వైద్యుడి దగ్గరికి పరిగెత్తడం, అక్కడ ‘ముందే తీసుకురావాల్సింది’ అనిపించుకోవడం మామూలైపోయింది. ముందే అంటే ఎప్పుడు? నొప్పే లేనప్పుడు ఏం చూసి తీసుకెళ్లాలి? పంటి పైపొర ఎనామిల్‌లో నరాలు ఉండవు కాబట్టి అది ఎంత కరిగినా బాధ తెలియదు. పుచ్చు దాన్ని దాటి లోపలి డెంటిన్‌లోకి దిగాక తీపి తింటే జివ్వుమంటుంది. ఇంకా లోతుకు పోతే చల్లనీళ్లకు, ఆపైన వేడివేడి కాఫీకి నొప్పి లేచి ఓ పట్టాన తగ్గదు. పంటి గుజ్జును చేరాక ఇక నిద్ర ఉండదు. ఆ తర్వాత ఒకరోజు నొప్పి దానంతటదే పోతుంది. నాటు మందు పనిచేసిందని ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు గానీ, చాలాసార్లు అది లోపలి నరం చచ్చిపోయి చీము పట్టబోయే ముందు వచ్చే నెమ్మది. నొప్పిని కొలబద్దగా పెట్టుకుంటే జబ్బు ముదరడం కూడా నయమైనట్టే కనిపిస్తుంది. అందుకే పుచ్చును కంటితో పట్టుకోవాలి, అదీ రంధ్రం పడకముందే.

పట్టుకోవచ్చు కూడా. నోట్లోని సూక్ష్మజీవులు చక్కెర తిని ఆమ్లం వదులుతాయి. పంటి మీది పాచిలో పీహెచ్ సుమారు 5.5 కంటే దిగితే ఎనామిల్‌లోని కాల్షియం, ఫాస్ఫేట్ కరిగి బయటికి పోతాయి. లాలాజలం ఆ ఆమ్లాన్ని విరిచి, పోయిన ఖనిజాన్ని మళ్లీ చేరుస్తుంది. దానికి అరగంటో గంటో కావాలి. ఆ వ్యవధి ఇవ్వకుండా రోజంతా బిస్కెట్టో, చాక్లెట్టో, తీపి పాల సీసానో నోట్లో ఉంటే పోయేదే ఎక్కువై పైపొర కింద సన్నని సందులు ఏర్పడతాయి. అక్కడ పన్ను మెరుపు పోయి, సుద్ద రాసినట్టు తెల్లబడుతుంది. పుచ్చు తొలి గుర్తు ఆ తెల్ల మచ్చే. నలుపు కోసం వెతికేవాళ్ల కంట అది పడదు. పసిపిల్లల్లో ఎక్కువగా పై ముందు పళ్ల మీద, చిగురు వెంబడి చారలా వస్తుంది, సరిగ్గా పెదవి కప్పేసే చోట. పిల్లను వెలుతురులో ఒళ్లో పడుకోబెట్టుకుని, పై పెదవి ఎత్తి, మెత్తని గుడ్డతో పాచి తుడిచి, పన్ను ఆరేదాకా కొన్ని క్షణాలు ఆగి చూడాలి. ఆ ఆగడం ముఖ్యం. తడి పంటిలో ఆ సందులు లాలాజలంతో నిండి ఉంటాయి కాబట్టి లేత మచ్చ చుట్టుపక్కల రంగులో కలిసిపోతుంది, ఆరితేనే బయటపడుతుంది. తడిలోనూ కనిపిస్తోందంటే మరికాస్త ముదిరినట్టు.

ఈ దశ నుంచి వెనక్కి రావచ్చు. రోజుకు రెండుసార్లు ఫ్లోరైడ్ పేస్టుతో తోమి, తిండికీ తిండికీ మధ్య తీపి తగ్గిస్తే మచ్చ గట్టిపడి ఆగిపోతుంది, కొన్నిసార్లు మాసిపోతుంది కూడా. రంధ్రం పడ్డాక మాత్రం ఏ పేస్టూ దాన్ని పూడ్చలేదు. డెంటల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2002-03లో చేయించిన జాతీయ సర్వేలో ఐదేళ్ల పిల్లల్లో సగానికి పైగా పుచ్చు పళ్లతో ఉన్నట్టు తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం పాలపళ్లు పుచ్చిన పిల్లలు ప్రపంచంలో 51 కోట్లకు పైనే. ఇలాంటి లెక్కల్లోకి సాధారణంగా ఎక్కేది రంధ్రం పడ్డ పళ్లే. మచ్చ దశలో ఉన్నవి వాటికి అదనం.

‘పాలపళ్లే కదా, ఊడిపోయేవాటికి ఇంత హంగామా ఎందుకు’ అంటారు చాలామంది. ముందు పళ్లు ఆరేడేళ్లకు ఊడడం మొదలవుతుంది, నిజమే. వెనక దవడ పళ్లు పది, పన్నెండేళ్ల దాకా నిలవాలి. అవి ముందే పోతే పక్క పళ్లు ఆ ఖాళీలోకి జరిగి, తర్వాత రావాల్సిన పంటికి చోటు లేకుండా చేస్తాయి. ఇక క్లిప్పుల ఖర్చు తల్లిదండ్రుల నెత్తిన పడుతుంది. పైగా ‘పాలపళ్లే కదా’ అన్న మాటకు ఒక శాశ్వత దంతం బలైపోతోంది. ఆరేళ్ల ప్రాయంలో పాల దవడ పళ్లన్నిటికీ వెనక మొదటి శాశ్వత దవడ పన్ను వస్తుంది. దానికోసం ఏ పన్నూ ఊడదు కనుక వచ్చిన సంగతే తెలియదు, తెలిసినా పాలపన్నే అనుకుంటారు. నమిలే వైపు లోతైన గాట్లుండి, బ్రష్ సరిగా అందని మూల నెలల తరబడి సగం చిగురు కప్పుకుని ఉండే ఆ పన్ను పుచ్చిపోతే దాని బదులు ఇంకోటి రాదు.

తెలుగు నేల మీద ఇంకో చిక్కుంది, దాన్ని తేలిగ్గా తోసెయ్యలేం. నల్లగొండ, ప్రకాశం, అనంతపురం జిల్లాల్లో పళ్ల మీద మచ్చ అనగానే ఫ్లోరైడ్ నీళ్లే గుర్తొస్తాయి. ఈ తెల్ల మచ్చ పుచ్చుదా, ఫ్లోరోసిస్‌దా? ఫ్లోరైడ్‌తో తరాలు నష్టపోయాక అదే ఉన్న పేస్టు పిల్లల నోట్లో పెట్టమంటారా? మొదటిదానికి పన్నే జవాబు చెబుతుంది. ఫ్లోరోసిస్ పన్ను తయారవుతుండగా పట్టేది కాబట్టి ఎడమ పంటి మీద ఉన్నట్టే కుడివైపు జోడీ పంటి మీదా ఉంటుంది, అడ్డచారలుగానో మసకగానో పరుచుకుంటుంది, తేలికపాటిదైతే నునుపు పోదు. పుచ్చు మచ్చ పాచి నిలిచే చోటే, అంటే చిగురు అంచునో గాట్లలోనో, మెరుపు లేకుండా ఉంటుంది. పాలపళ్ల మీద ఫ్లోరోసిస్ శాశ్వత దంతాల మీద కనిపించినంతగా కనిపించదు కూడా. రెండోదానికి లెక్క వేద్దాం. 1000 పీపీఎం పేస్టు గ్రాముకు ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడ్ ఉంటుంది. మూడేళ్ల లోపు పిల్లలకు చెప్పే బియ్యపు గింజంత పేస్టు గ్రాములో పదో వంతు. అంతా మింగినా లోపలికి పోయేది 0.1 మిల్లీగ్రాము. తాగునీటికి భారతీయ ప్రమాణం ఒప్పుకునే గరిష్ఠ పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. ఆ అంచున ఉన్న నీళ్లు అరలీటరు తాగితే 0.75. కాబట్టి ఫ్లోరైడ్ ఊళ్లలో ముందు మార్చాల్సింది నీళ్లు. ఫ్లోరైడ్ పంటిని కాపాడేది ప్రధానంగా పైపైన తగిలి, పాడుచేసేది కడుపులోకి పోయి. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు బఠాణీ గింజంత చాలు, అదీ ఉమ్మించాలి. బ్రష్ పొడవునా పేస్టు పరిచి చూపించే ప్రకటనలను ఈ విషయంలో నమ్మకపోవడమే మేలు.

ఇళ్లలో మచ్చలు వెతకడం మొదలుపెడితే భయపడ్డవాళ్లను డ్రిల్లుకు అప్పగించినట్టే అన్న అనుమానమూ కొట్టిపారేయదగ్గది కాదు. రంధ్రం లేని తెల్ల మచ్చను తొలిచి సిమెంటు పెట్టాలని ఎవరైనా అంటే కారణం అడగాల్సిందే. పదునైన పరికరంతో దాన్ని గుచ్చి చూడటమూ మంచిది కాదు, బలహీనపడ్డ పైపొర అక్కడే విరుగుతుంది. కంటి పరీక్షకు హద్దులూ ఉన్నాయి. రెండు పళ్ల మధ్య మొదలయ్యే పుచ్చు ఎక్స్‌రేలో గానీ దొరకదు. ఒకేచోట పదేపదే తిండి ఇరుక్కుంటున్నా, నమిలే వైపు పైపొర కింద బూడిదరంగు నీడ కనిపించినా డాక్టరు చూడాల్సిందే.

ఈ పనంతా తల్లుల మీదే వదిలేయడం న్యాయం కాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సాధారణంగా దంత వైద్యుడు ఉండడు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బడులకు ఒకసారి వెళ్లాలి. వాళ్లు చూడాల్సిన జబ్బుల్లో దంతక్షయం ఉంది. కానీ ఆ రెండు రాకల మధ్య ఆర్నెల్లలో మచ్చ రంధ్రమైపోవచ్చు. అంగన్‌వాడీలో పిల్లల బరువు తూచే రోజునే పెదవి ఎత్తి చూస్తే ఒక్కొక్కరికి అర నిమిషం అదనం. టీచర్ల నెత్తిన ఇప్పటికే రిజిస్టర్లు, యాప్‌లు చాలానే ఉన్నాయి కనుక ఇంకో రిజిస్టరు పెట్టొద్దు. మచ్చను తల్లికి చూపించి, చేతిలో ఒక పేస్టు ట్యూబు పెడితే చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఫ్లోరైడ్ పేస్టును అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. నులిపురుగుల మాత్రను ఏటా బడిబడికీ చేర్చే ఏర్పాటు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నప్పుడు పేస్టుకు దారి దొరకదనడం కుదరదు. కాకపోతే చౌక పళ్లపొడుల్లో, హెర్బల్ పేస్టుల్లో చాలావాటిలో ఫ్లోరైడే ఉండదు. ట్యూబు మీద 1000 పీపీఎం అని రాసి ఉందో లేదో చూసుకోవాల్సింది టెండరు పిలిచే అధికారి.